మీ కుక్కను రోజూ ఎంతసేపు తిప్పాలి? జాతి, వయసు, మన ఎండ చూసి లెక్క కట్టే పద్ధతి

"అక్కా, మాది పగ్. రోజుకు ఎంతసేపు తిప్పాలె?" "మేడమ్, జర్మన్ షెపర్డ్‌ను తెచ్చినం, మిద్దె మీదనే తిరుగుతది, సరిపోతదా?" నల్లగొండలో పొద్దున్నే పానగల్ వైపు మా లాబ్రడార్‌తో నడుస్తుంటే ఎవరో ఒకరు ఆపి ఇదే అడుగుతారు. మహబూబ్‌నగర్‌లో మా చెల్లెలింటికి పోతే ఆ గల్లీలోనూ ఇదే ప్రశ్న. నిలబడి రెండు ముక్కల్లో చెప్తే సగమే చెవికెక్కుతుంది, ఆ సగంతో కుక్క ఇబ్బంది పడుతుంది. అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

ఫోన్‌లో వెతికితే ప్రతి జాతికీ ఒక అంకె దొరుకుతుంది. బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ అయితే లాబ్రడార్‌కు రోజుకు రెండు గంటల పైనే అంటుంది. ఆ దేశపు చలికి ఆ లెక్క సరే. మే నెలలో 44, 45 డిగ్రీలు కాసే మన జిల్లాల్లో ఆ అంకె పట్టుకుని తిప్పితే వడదెబ్బ ఖాయం. మన దగ్గర ముందు ఎండ చూడాలి, తర్వాత జాతి, ఆ తర్వాత మీ ఇంట్లో ఉన్న ఆ ఒక్క కుక్క వయసు, ఒళ్లు. ఈ వరస తెలియక మా మొదటి లాబ్రడార్‌ను చావు అంచు దాకా తీసుకుపోయాను. ఆ సంగతి వేళల దగ్గర చెప్తాను.

ఏమేం కావాలి

ఛాతీకి తొడిగే హార్నెస్ ఒకటి, ఐదారు అడుగుల గుడ్డ బెల్టు ఒకటి. ఇనుప చైను వద్దు. ఎండకు కాలుతుంది, గుంజినప్పుడు మెడ కోస్తుంది. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలకైతే మెడకు ఏదీ కట్టి నడిపించొద్దు, వాటికి ఊపిరి ఆడేదే అంతంత మాత్రం.

నీళ్ల సీసా, చిన్న గిన్నె. నల్లగొండ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, ఫ్లోరైడ్ నీళ్లు మనుషుల ఎముకలనే కాదు, పశువుల ఎముకలనూ పాడుచేస్తాయి. మీరు తాగే నీళ్లే దానికీ పోయండి.

డిజిటల్ థర్మామీటర్ (కుక్కకు వేరుగా), చీకటి వేళకు టార్చి, పెంట ఎత్తడానికి పాత పేపర్లు, రాసుకోవడానికి ఒక నోటుబుక్కు. ఇంతే. వేల రూపాయలు పోసి ట్రెడ్‌మిల్లు, బూట్లు కొనాల్సిన పనిలేదు.

1. మొదలుపెట్టే ముందు ఒకసారి డాక్టర్‌కు చూపించండి

ఏడేళ్లు దాటిన కుక్క, బాగా లావెక్కిన కుక్క, దగ్గేది, కుంటేది, ఇన్నాళ్లూ కట్టేసే ఉంచింది అయితే ఇది తప్పనిసరి. గుండె, కీళ్లు చూపించి, టీకాల పుస్తకం సరిచూసుకోండి. రేబిస్ టీకా లేకుండా వీధిలోకి తేవద్దు. మన గల్లీల్లో కుక్కలు ఎదురుపడని రోజు ఉండదు కదా.

2. జాతిని బట్టి అసలు అంకె పట్టుకోండి

కింద చెప్పేవి ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకు, చల్లటి వేళల్లో, రోజు మొత్తం మీద. ఒక్కసారే తిప్పమని కాదు, రెండు మూడు విడతలుగా పంచాలి. ఇవి నేను మన వాతావరణానికి కుదించి పెట్టుకున్న లెక్కలు. మీ డాక్టర్ వేరేగా చెప్తే ఆయన మాటే వినండి.

పగ్, షిట్జు, ఫ్రెంచ్ బుల్‌డాగ్: 20 నుంచి 40 నిమిషాలు, పది పదిహేను నిమిషాల ముక్కలుగా. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల మెత్తల దగ్గర కొద్దిగా పడుతుందంతే. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికి చల్లబడే దారి. ముక్కు చప్పిడిగా ఉంటే ఆ దారే ఇరుకు. కాబట్టి వీటిని పరుగెత్తించొద్దు. నడుస్తుంటే గురక లాంటి చప్పుడు పెరిగితే అక్కడే ఆగండి. "చిన్న కుక్క, దీనికి నడకెందుకు" అని పూర్తిగా మానేయడమూ తప్పే. పగ్ ఒళ్లు చేసిందంటే ఊపిరి ఇంకా బిగుస్తుంది.

పొమేరియన్: 30 నుంచి 40 నిమిషాలు. మన దగ్గర పొమేరియన్ అని పెంచుకునేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లు. మన ఎండకు కొంత అలవాటు పడ్డవే, ఇంట్లో కూడా బాగా తిరుగుతాయి. బొచ్చు చూసి జాలిపడి ఎండాకాలం గుండు కొట్టించకండి. ఆ బొచ్చు ఎండను కూడా ఆపుతుంది. దువ్వి, రాలిన బొచ్చు తీసేస్తే చాలు.

డాష్‌హండ్: 30 నుంచి 45 నిమిషాలు. పొడుగు నడుము, పొట్టి కాళ్లు. మెట్లు ఎక్కించి దించడం, మంచం మీంచి దూకనివ్వడం మానిపించండి. వెన్నుపూసల మధ్య డిస్కు జారితే వెనక కాళ్లు పడిపోవచ్చు.

బీగిల్: గంట నుంచి గంటన్నర. దీనికి కాళ్లకన్నా ముక్కుకు పని ఎక్కువ కావాలి. వాసన పడితే మీ పిలుపు వినిపించదు, కాబట్టి బెల్టు విప్పొద్దు.

లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్: గంటంబావు నుంచి రెండు గంటలు. మన ఊళ్లలో బాగా కనిపించేవి, బాగా లావెక్కేవీ ఇవే. తిండికి ఎంత ఆశో పరుగుకూ అంతే. అలసట దాచుకుని మీ కోసం బంతి తెస్తూనే ఉంటుంది. ఆపాల్సింది మీరే.

జర్మన్ షెపర్డ్, డాబర్‌మ్యాన్: గంటన్నర నుంచి రెండు గంటలు, దాంతోపాటు బుర్రకు పని. మిద్దె మీద ఒంటరిగా వదిలిన జర్మన్ షెపర్డ్ తిరుగుతుంది నిజమే. కానీ పిట్టగోడ పక్కన అటూ ఇటూ తిరుగుతూ వచ్చేపోయేవాళ్ల మీద మొరుగుతుంటే అది వ్యాయామం కాదు, విసుగు. రోజూ పది నిమిషాలు కూర్చో, ఆగు, రా నేర్పించినా ఆ విసుగు సగం తగ్గుతుంది.

రాట్‌వైలర్: గంట నుంచి గంటన్నర. నల్ల ఒళ్లు ఎండను పీల్చుకుంటుంది, కాబట్టి పొద్దెక్కకముందే ముగించండి. గ్రేట్ డేన్‌కు గంట చాలు, అదీ నింపాదిగా.

ముధోల్, కారవాన్, రాజపాళయం, చిప్పిపారై: గంట నడక, వారానికి రెండు మూడుసార్లు నాలుగైదు నిమిషాల పరుగు. ముధోల్ మనకు దూరపుదేం కాదు, పక్కనున్న కర్ణాటకలో బాగల్‌కోట్ జిల్లాది. ఈ వేటకుక్కలు చూపుతో వేటాడేవి. కదిలేది కనిపిస్తే చాలు, మనిషి మాట వినవు. చుట్టూ కంచె ఉన్న చోటే విప్పాలి. బాయికాడ విప్పి కుందేళ్ల మీదికి ఉసిగొల్పేవాళ్లున్నారు. అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. నేరమనే కాదు, ఆ పరుగులో ముళ్లకంచెకు ఛాతీ చీల్చుకున్న కుక్కను నేను చూశాను. దయచేసి చేయకండి.

నాటు కుక్క: గంట, కాస్త అటూ ఇటూ. వీధిలోంచి తెచ్చుకున్న పిల్లను పెంచుకుంటున్నవాళ్లు ఇప్పుడు బాగా పెరిగారు, అది నాకు చాలా సంతోషం. ఈ గడ్డ ఎండకు దీనికి మించిన కుక్క లేదు. కానీ "నాటుదే కదా, ఎట్లయినా ఉంటది" అని కట్టేసి వదిలేస్తారు. స్వేచ్ఛగా తిరిగే రక్తం దానిది. కట్టేసి ఉంచితే మిగతా జాతులకన్నా ముందు అదే గోల చేస్తుంది.

హస్కీ గురించి కూడా అడుగుతున్నారు. మంచులో బండి లాగడానికి పెంచిన జాతి అది. రెండు గంటలకు తగ్గకుండా పరుగు అడుగుతుంది, మన దగ్గర ఏడాదిలో సగం రోజులు ఆ పరుగు ఇవ్వలేం. ఇంకా తేకపోతే తేకండి. ఇప్పటికే ఉంటే తెల్లవారకముందు తిప్పండి, పగలంతా చల్లటి గదిలో ఉంచండి.

3. వయసును బట్టి ఆ అంకెను కోయండి

కుక్కపిల్లలకు చాలామంది వాడే లెక్క: నెలల వయసుకు ఐదు నిమిషాల చొప్పున. నాలుగు నెలల పిల్లకు ఇరవై నిమిషాలు, రోజుకు ఒకటి రెండుసార్లు. ఇది కచ్చితమైన కొలతేం కాదు, హద్దు దాటకుండా ఉండటానికి ఒక గుర్తు. మధ్యలో కూర్చుండిపోతే లేపి లాగకండి, ఎత్తుకుని ఇంటికి తేండి.

టీకాల వరస పూర్తయ్యేదాకా, అంటే సుమారు నాలుగు నెలల వయసు వచ్చి చివరి డోసు పడి రెండు వారాలు గడిచేదాకా, వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద దించొద్దు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. చంకలో పెట్టుకుని ఊరు చూపించండి. బస్సు హారన్లు, బ్యాండు మేళం, డప్పు, అన్నీ అప్పుడే అలవాటు కావాలి.

లాబ్రడార్, షెపర్డ్, రాట్‌వైలర్ లాంటి పెద్ద జాతుల ఎముకలు గట్టిపడటానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అప్పటిదాకా ఎత్తు మీంచి దూకించడం, మెట్ల మీద పరుగులు, బండి వెంట పరుగెత్తించడం బంద్.

ముసలి కుక్కకు అంకె సగం చేసి, విడతలు పెంచండి. పది నిమిషాల నడక మూడుసార్లు అయితే కీళ్లు పట్టేయవు. కుంటుతోంది కదా అని పూర్తిగా పడుకోబెడితే కండ కరిగిపోయి ఇంకా కుంటుతుంది.

4. కాలాన్ని బట్టి వేళ పెట్టుకోండి

నా మొదటి లాబ్రడార్ పేరు రాణి, అప్పటికి మూడేళ్లది. ఏప్రిల్ నెల, ఇంటికి చుట్టాలొచ్చారు. పొద్దున తిప్పడం కుదరలేదు, తొమ్మిదిన్నరకు బయల్దేరాను. రోజూ పోయే దారే. తిరిగి వస్తుండగా చెట్టు లేని చోట రోడ్డు పక్కన పడుకుంది. మొండికేసిందనుకుని లేపి నడిపించాను. నూరు అడుగులు వేసి కూలిపోయింది. నాలుక వెడల్పై చెంచాలాగా వేలాడింది, చిగుళ్లు ఎర్రటి ఎరుపు. ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు పోయాం. రెండు రోజులు సెలైన్లు ఎక్కించాక లేచింది. అది పడుకోవడం నాతో మాట్లాడటమని ఆ రోజు తెలిసింది.

ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా: పొద్దున ఐదు నుంచి ఆరున్నర లోపు. సాయంత్రం ఏడున్నర తర్వాతే. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రాత్రి తొమ్మిదికి కూడా సీసీ రోడ్డు సెగ కక్కుతుంది. ఆ రోజుల్లో పైన చెప్పిన అంకెలో సగమే తిప్పి, మిగతా సగాన్ని ఇంట్లో ఆటలతో నింపండి.

వానకాలం: వాన తెరిపిచ్చినప్పుడు. ఉక్కపోత ఎక్కువుంటే రొప్పినా ఒళ్లు చల్లబడదు, కాబట్టి మబ్బు చూసి మోసపోవద్దు. నిలిచిన గుంటల నీళ్లు తాగనివ్వొద్దు, ఎలుకల మూత్రంతో లెప్టోస్పైరోసిస్ వస్తుంది. గడ్డి బలిసిన చోట రక్తపింజర, కట్లపాము ఉంటాయి. టార్చి లేకుండా పోకండి.

చలికాలం: ఇది మన కుక్కల పండగ. నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి దాకా పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు హాయిగా తిప్పొచ్చు. బరువు తగ్గించాలన్నా, ఎక్కువ దూరం అలవాటు చేయాలన్నా ఇప్పుడే మొదలుపెట్టండి.

హెచ్చరిక, వడదెబ్బ: ఆగకుండా రొప్పడం, చొంగ చిక్కగా కారడం, తూలడం, వాంతి, చిగుళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఇంటిదాకా నడిపించొద్దు. నీడకు చేర్చి పొట్ట, తొడలు, పాదాలు, మెడ మీద నీళ్లు పోస్తూ గాలి విసరండి. మిద్దె మీది ప్లాస్టిక్ ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం కాగి ఉంటాయి, అవి కాదు, ఇంట్లో బకెట్‌లో ఉన్నవో బోరువో పోయండి. తడి తువ్వాల చుట్టి వదిలేయకండి, లోపలి వేడి లోపలే నిలుస్తుంది. నోట్లో బలవంతంగా నీళ్లు పోయొద్దు, అదే తాగితే కొద్దికొద్దిగా ఇవ్వండి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూస్తే 104 దాటితే ప్రమాదమే. 103కు దిగగానే నీళ్లు ఆపి దవాఖానకు తీసుకుపోండి. లేచి తిరుగుతోంది కదా అని పోవడం మానొద్దు, లోపలి దెబ్బ మర్నాడు బయటపడొచ్చు.

5. దారి చూసుకోండి

మీ అరచేతి వెనక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించండి. చెయ్యి తీసేయాలనిపిస్తే కుక్క పాదానికీ అంతే. తారు, సీసీ, షాబాద్ బండ, మిద్దె స్లాబు, ఏదైనా ఇదే పరీక్ష. మట్టి దారి దొరికితే అదే మంచిది. నల్లగొండలో చెరువు కట్ట, మహబూబ్‌నగర్‌లో పెద్ద చెరువు వైపు, చిన్న ఊళ్లలో బడి గ్రౌండు, పొలం గట్లు ఏవైనా సరే. పార్కుల్లోకి కుక్కను రానిస్తారో లేదో గేటు దగ్గర ముందే అడగండి. అచ్చంపేట, మన్ననూరు వైపు ఉండేవాళ్లు అమ్రాబాద్ అడవిలోకి మాత్రం కుక్కను తీసుకుపోకండి. అక్కడి జంతువులకు మన కుక్కల రోగాలు అంటుకుంటాయి, మన కుక్క చిరుతకు దొరుకుతుంది.

కట్ట దారుల్లో సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు ఉంటాయి. నడుస్తూ నడుస్తూ కాలెత్తి ఆగితే వెంటనే చూడండి.

వీధి కుక్కలు: చికెన్ షాపులు, చెత్తకుప్పలు ఉన్న గల్లీలు వదిలేయండి. ముఖ్యంగా ఆదివారం. గుంపు ఎదురైతే పరుగెత్తొద్దు, రాళ్లు విసరొద్దు. బెల్టు దగ్గరికి పట్టుకుని, మీ కుక్కను మీ పక్కన ఉంచుకుని, వాటికి వీపు చూపకుండా నెమ్మదిగా తప్పుకోండి. రోజూ ఒకే దారిలో ఒకే వేళకు పోతే కొన్నాళ్లకు అవే ఊరుకుంటాయి. మిమ్మల్ని కరిస్తే ధారగా పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు సర్కారు దవాఖానలో రేబిస్ టీకా మొదలుపెట్టండి. మీ కుక్కను కరిచినా కడిగి డాక్టర్‌కు చూపించండి, దానికి టీకా వేసి ఉన్నా సరే.

6. నడక ఇలా నడపండి

తిన్న వెంటనే తిప్పొద్దు. లోతు ఛాతీ ఉన్న పెద్ద జాతులకు, అంటే షెపర్డ్, డాబర్‌మ్యాన్, గ్రేట్ డేన్‌లకు, నిండు కడుపుతో పరుగెత్తితే పొట్ట మెలితిరిగే ప్రమాదం ఉంది. తిన్నాక రెండు గంటలు ఆగండి, తిరిగొచ్చాక అరగంట ఆగి పెట్టండి. పొట్ట డప్పులాగా ఉబ్బి, కక్కబోయినా ఏమీ రాకపోతే అది గంటల్లో ప్రాణం తీసే జబ్బు. రాత్రయినా సరే బయల్దేరాల్సిందే.

మొదటి ఐదు నిమిషాలు దాని ఇష్టం. ఒంటికీ రెంటికీ పోనివ్వండి, వాసన చూడనివ్వండి. తర్వాత కాస్త జోరుగా నడవండి. మధ్యలో మళ్లీ ఐదు నిమిషాలు వాసనకు వదలండి. వాసన చూడటం టైం వేస్టు అనుకుని గుంజుకుపోయేవాళ్లు చాలామంది. ఆ తుమ్మ మొదట్లో రాత్రి ఎవరెవరు వచ్చిపోయారో అంతా అది చదువుకుంటోంది. ఇరవై నిమిషాలు తీరిగ్గా వాసన చూసిన కుక్క ఇంటికొచ్చి హాయిగా పడుకుంటుంది. చివరి ఐదు నిమిషాలు మళ్లీ నెమ్మదిగా.

ప్రతి పదిహేను నిమిషాలకు నీడలో ఆగి నాలుగు గుక్కల నీళ్లివ్వండి.

ఇంటికి రాగానే పాదాలు కడిగి వేళ్ల మధ్య, చెవుల్లో, చంకల్లో, తోక కింద గోమార్ల కోసం వెతకండి. గోమారి జ్వరం మన దగ్గర చాలా కుక్కలను తీసుకుపోతోంది. జ్వరం, తిండి మానడం, ముక్కులోంచి రక్తం కనిపిస్తే వెంటనే రక్తపరీక్ష చేయించండి.

7. కొద్దికొద్దిగా పెంచండి

ఇన్నాళ్లూ తిరగని కుక్కకు మొదటి వారం పొద్దున పది, సాయంత్రం పది నిమిషాలు. ఆ తర్వాత వారానికి ఒక్కో విడతకు ఐదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ రెండో అడుగులో చూసిన అంకె దాకా పోండి. మర్నాడు కుంటితే వెనక్కి తగ్గి, రెండు రోజులు ఆగండి.

8. బయటికి పోలేని రోజుల్లో

వడగాలి, ముసురు, దీపావళి టపాసులు, ఊళ్లో జాతర, ఏదో ఒకటి ఉంటుంది. ఆ రోజు దాని తిండిని గిన్నెలో పెట్టకుండా పాత తువ్వాలలో మడతలు మడతలుగా దాచి ఇవ్వండి. జొన్నరొట్టె ముక్కలు మూడు గదుల్లో దాచి వెతకమనండి. తాడు గుంజులాట ఆడండి. పది నిమిషాల వెతుకులాట, పది నిమిషాల నేర్పుడు, రోజుకు రెండుసార్లు. ఆశ పెట్టడానికి ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, ఉల్లిగడ్డ ఉన్నవేవీ వాడొద్దు, అవి కుక్కకు విషం. నున్నటి టైల్స్ మీద బంతి విసిరి పరుగెత్తించొద్దు, జారి మోకాళ్లు దెబ్బతింటాయి.

ఎక్కువగా జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్దది ఒంటికీ రెంటికీ తిప్పుకొచ్చి దాన్నే వాకింగ్ అనుకోవడం. గల్లీ చివరిదాకా ఐదు నిమిషాలు పోయిరావడం లెక్కలోకి రాదు.

రెండోది ఆదివారం అప్పు తీర్చడం. ఆరు రోజులు కట్టేసి ఆదివారం రెండు గంటలు పరుగెత్తిస్తారు. సోమవారం కుక్క లేవలేదని ఫోన్ చేస్తారు. రోజూ అరగంటైనా మేలే.

మూడోది బండికి కట్టి పరుగెత్తించడం. మన ఊళ్లలో పొద్దున్నే ఈ దృశ్యం చూసి నేను తట్టుకోలేను. స్కూటీ ఆగకపోతే కుక్క ఆగలేదు. పాదాల మెత్తలు ఒరుసుకుపోతాయి, నోరు లేని జీవి చెప్పలేదు. జోరు కావాలంటే మీరు నడవండి, అది కుదరకపోతే ఇంట్లో యువకులెవరైనా పక్కన మెల్లగా పరుగెత్తాలి.

చిన్నపిల్లల చేతికి పెద్ద కుక్క బెల్టు ఇవ్వడం కూడా తప్పే. 30 కిలోల లాబ్రడార్ పిల్లిని చూసి ఉరికితే పదేళ్ల పిల్లాడు బెల్టు వదిలేస్తాడు, లేదా రోడ్డు మీద పడతాడు.

ఇక తిండి. లావు తగ్గాలని నడక పెంచి, ఆకలేస్తుందని అన్నం కూడా పెంచేవాళ్లున్నారు. అలా చేస్తే ఎంత నడిచినా గ్రాము తగ్గదు.

సరిపోతోందో లేదో ఎలా చూడాలి

తిరిగొచ్చి నీడలో పడుకున్నాక పది పదిహేను నిమిషాల్లో రొప్పడం ఆగాలి. అరగంటైనా ఆగకపోతే ఎక్కువైంది, లేదా వేళ తప్పింది.

గాఢంగా నిద్రపోతున్నప్పుడు పొట్ట ఎన్నిసార్లు లేచిందో నిమిషం పాటు లెక్కపెట్టండి. 30 లోపు ఉండాలి. రోజూ దాటుతుంటే నడక ఆపి గుండె చూపించండి.

మర్నాడు పొద్దున లేవగానే మొదటి పది అడుగులు గమనించండి. బిగుసుకుపోయి నడిచినా, ఒక కాలు తేలిగ్గా వేసినా నిన్నటిది ఎక్కువే.

పక్కటెముకల పరీక్ష: మీ చెయ్యి బోర్లా చాపి, వెనక వైపు వేళ్ల ఎముకల మీద తడిమి చూడండి. కుక్క పక్కటెముకలు అలా తగిలితే సరైన ఒళ్లు. పిడికిలి కణుపుల్లా పొడుచుకొస్తే బక్కది. అరచేతి మెత్తలాగా ఎముక తగలకపోతే లావు. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి.

నెలకోసారి బరువు రాసుకోండి. చిన్న కుక్కనైతే ఎత్తుకుని కాటా ఎక్కి, తర్వాత మీ బరువు తీసేయండి. పెద్దదైతే పశువుల దవాఖానలోనో, తెలిసిన కిరాణా కొట్టు పెద్ద కాటా మీదనో నిలబెట్టండి. లాబ్రడార్ మగది మామూలుగా 29 నుంచి 36 కిలోలు, ఆడది 25 నుంచి 32. మన దగ్గర 45 కిలోల లాబ్రడార్లను చూసి "మంచిగ పెంచిండ్రు" అంటారు. దాని మోకాళ్లను అడగాలి ఆ మాట.

తక్కువైందనడానికి గుర్తులు ఇంట్లోనే కనిపిస్తాయి. చెప్పులు కొరకడం, మట్టి తవ్వడం, ఊరికే మొరగడం, తోక వెంట తిరగడం, మనుషులొస్తే మీదికి ఎగరడం. కొట్టకండి. ముందు రెండు వారాలు పది నిమిషాలు పెంచి, వాసన చూసే టైం కూడా పెంచి చూడండి. చెప్పులు మిగిలితే మీకు సరైన అంకె దొరికినట్టే. దాన్ని నోటుబుక్కులో తేదీ వేసి రాసిపెట్టుకోండి. శివరాత్రికి చలి వెనక్కి తగ్గినప్పుడు ఒకసారి, మృగశిర చినుకులు పడ్డాక ఒకసారి ఆ అంకెను తిరగరాయాలి.